మళ్ళీ మొదటికొచ్చే కంప్యూటర్లు

కుర్చీలో కూర్చుంటే నా కుడికాలు దానంతటదే ఊగుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. కాలు ఊపితే ఇంటికి దరిద్రమని మా అక్క అనని రోజు లేదు. ఆమె అంటూనే ఉండేది, నేను ఊపుతూనే ఉండేవాణ్ణి.

కాలే కాదు, మనిషినీ అంతే. సాస్తి బొగ్గుగని ఆఫీసులో టెంపరరీ పని ఒక వానాకాలం చేసి మానేశాను. వరోరాలో జిన్నింగ్ మిల్లులో చేరి పత్తి సీజన్ ముగిసేలోపే బయటపడ్డాను. నాగపూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో కుదురుకున్నానని అందరూ సంతోషిస్తున్నప్పుడు యజమానితో మాటా మాటా వచ్చింది. బ్యాగు సర్దుకుని చంద్రపూర్‌లో అక్క ఇంట్లో దిగాను. ఈలోగా హైదరాబాద్ నుంచి ఒక దోస్తు పని ఉంది రమ్మని ఫోన్ చేశాడు. అందుకని ఆ బ్యాగు విప్పనే లేదు. విప్పని ఆ బ్యాగును అక్క చూసింది.

ఎస్టీడీ బూతుల పక్కన కంప్యూటర్ క్లాసుల బోర్డులు లేస్తున్న రోజులవి. మా బావది పిండిగిర్నీ. దాని మీది గదిలో అక్క కంప్యూటర్ క్లాసు నడిపేది. పిల్లలు బాగానే వచ్చేవారు కానీ పరీక్షకు నాగపూర్ పోవాలి. ఆడపిల్లల్ని అంతదూరం పంపని ఇళ్ళలో చదువు అక్కడితో ఆగిపోయేది. తన క్లాసునే పరీక్షా కేంద్రం చెయ్యమని అక్క అర్జీ పెట్టుకుంది. సోమవారం నాలుగింటికి తనిఖీకి పరీక్షలవాళ్ళ సారు వస్తాడని కబురొచ్చింది. పన్నెండు కంప్యూటర్లూ ఒక్కలా పనిచేస్తూ కనపడాలి. లేకపోతే కేంద్రం లేదు. కేంద్రం లేకపోతే క్లాసూ ఎక్కువ రోజులు నిలవదు. ఆ గదిలో జొన్న బస్తాలు వేసుకుందామని బావ అప్పటికే అంటున్నాడు.

ఆ కంప్యూటర్లలో సగానికి పైగా మొరాయిస్తున్నాయి. చంద్రపూర్‌లో కిటికీ మూసినా బొగ్గు దుమ్ము వస్తుంది, కింది నుంచి పిండి దుమ్ము సరేసరి. అన్నిట్లోనూ సాఫ్ట్‌వేర్ మళ్ళీ కొత్తగా ఎక్కించాలి, కానీ ఫ్లాపీ డ్రైవులు, సీడీ డ్రైవులు ఒక్కటీ చదవడం లేదు.

"సీడీలు ఎందుకే అక్కా, అన్నిట్లకు వైరు మీదికెళ్ళి ఎక్కిస్త" అన్నాను.

నాగపూర్‌లో నేను పూర్తిగా నేర్చుకున్న విద్య అదొక్కటే. ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన లినక్స్ సీడీని అక్క ఇంట్లో పడున్న నా పాత కంప్యూటర్లో వేసి, దాన్ని మిగతావాటికి పంపే సర్వర్ చేశాను. క్లాసులోని పన్నెండింటినీ వైర్లతో హబ్బు అనే డబ్బాకు, దాన్నుంచి సర్వర్‌కు కలిపాను. ఆన్ కాగానే ముందు వైరు వైపు చూడమని, అటు ఏమీ దొరక్కపోతేనే సొంత డిస్కు చూసుకోమని ఒక్కొక్కదానికీ సెట్టింగు పెట్టాను. మధ్యలో అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే సర్వర్లో రాసి ఉంచాను. ఇక సర్వర్ పంపుతుంది, అవి దింపుకుంటాయి, మనిషితో పనే లేదు.

సోమవారం పొద్దున అదే నా చావుకొచ్చింది. పన్నెండూ ఒకేసారి లాగుతుంటే హబ్బు ఎంతకని పంపుతుంది? ఎంత దిగిందో చూపించే తెర మీది గీత ఒకచోట ఆగితే ఆగినట్టే ఉండేది. నేను కాలుగాలిన పిల్లిలా ఆ వరసలో తిరిగాను. ఆగిపోయిందనుకున్నదాని మీట నొక్కాను. అది ఆరి, వెలిగి, మళ్ళీ మొదటి నుంచి దింపుకోవడం మొదలుపెట్టింది. ఇంకోదాన్నీ అంతే చేశాను. మూడోదాని మీద చెయ్యి వెయ్యబోతుంటే అక్క వచ్చింది.

"ఏంజేస్తున్నవ్ తమ్మీ?"

"ఆగిపోయిందే."

"ఆగలే. మెల్లగ నడుస్తుంది. నువ్వే దాన్ని నడవనిస్తలేవు. నడు, బయటికి నడు."

గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, కింద గిర్నీలో జనం తెచ్చే గింజల డబ్బాలు అందుకోవడానికి పోయింది. నాకు ఒళ్ళు మండింది. నా పని నుంచి నన్నే వెళ్ళగొట్టడమేమిటి? ఎండలో ఊరి చుట్టూ ఉన్న పాత కోట గోడ దాకా పోయి వచ్చాను. చాయ్ తాగాను. మళ్ళీ పోయాను, మళ్ళీ వచ్చాను. ఉండబట్టలేక ఎదురింటి మేడమెట్లు ఎక్కితే అక్క క్లాసు కిటికీ కనపడింది.

కిటికీ పక్క కంప్యూటర్లో గీత చివరికొచ్చింది. తెర నల్లబడింది. హమ్మయ్య, ఒకటి గట్టెక్కిందనుకున్నాను. నిమిషంలో అదే తెర మళ్ళీ నీలంగా వెలిగి, గీత మళ్ళీ మొదటికొచ్చి కూర్చుంది.

తప్పు నాదే. పని అయ్యాక ఇక వైరు వైపు చూడొద్దని నేను వాటికి చెప్పనేలేదు. లేచిన ప్రతిసారీ సొంత డిస్కులో ఉన్నది వదిలేసి వైరును అడుగుతున్నాయి. అది పంపుతోంది, ఇవి ఉన్నది తుడుచుకుని మళ్ళీ దింపుకుంటున్నాయి.

పరుగున పోయి తాళంచెవి ఇమ్మన్నాను.

"ఇయ్య. మళ్ల గెలుకుతవ్."

"అట్ల కాదే, అయిపోయినంక సుత మళ్ల మొదటికెళ్ళి షురూ చేస్తున్నయ్. అయిపోంగనే వైరు గుంజకపోతే పొద్దుగూకినా గంతే."

అక్క కొంగు ముడి విప్పుకుంటూ నా వైపు చూసింది.

"చెయ్యవట్టిన పని ఒడిసినా ఒక్కతాన ఉండయి. మళ్ల మొదలు. అంత నీ తీర్గనే ఉన్నది" అంది.

నాకు సిగ్గేసింది.

అక్క తాళం తీసింది. నన్ను లోపలికి పంపి బయటి నుంచి మళ్ళీ తాళం వేసింది.

"ఇప్పుడు లోపల్నే ఉండు. అన్ని అయినంకనే తలుపు కొట్టు."

గిర్నీ మోటారు వేసినప్పుడల్లా పైన లైట్లు మసకబారేవి. ఆ దెబ్బకు కంప్యూటర్లు ఆరితే మళ్ళీ మొదలే. అక్క కింద బావతో గొడవపడి మోటారు ఆపించడం నాకు వినిపించింది. జొన్నలు తెచ్చినవాళ్ళు బావను మరాఠీలోనూ తెలుగులోనూ దులిపేశారు. నేను చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాను. చెమట కళ్ళల్లోకి కారుతోంది. దేన్నైనా నొక్కాలని వేళ్ళు పీకుతున్నాయి. ఒక తెర నల్లబడగానే దాని వైరు లాగేసేవాణ్ణి, మళ్ళీ నిలబడేవాణ్ణి. జీవితంలో అంతసేపు ఒక పని అయ్యేదాకా కాచుకున్నది అదే మొదటిసారి.

సారు డబ్బాల వరస దాటుకుంటూ మెట్లెక్కేసరికి పన్నెండు తెరలూ ఒక్కలా వెలుగుతున్నాయి. ఆయన ఒక్కోదాని ముందూ కూర్చుని, నాలుగు అక్షరాలు కొట్టి, తల ఊపాడు. అక్క చాయ్ ఇచ్చింది. కప్పు పక్కన పెట్టి ఆయన నా వైపు చూపిస్తూ అక్కను అడిగాడు.

"పరీక్షేచ్యా దివశీ హే అస్తీల్ నా?"

పరీక్షల రోజున ఈయన ఉంటాడు కదా అని. యంత్రాలు చూసుకునే మనిషి ఊళ్ళోనే ఉంటేనే కేంద్రం ఇస్తారట.

అక్క ఉంటాడనలేదు, ఉండడనలేదు. నా తరఫున అబద్ధం చెప్పలేక చేతిలో చాయ్ పళ్ళెం వైపు చూస్తూ నిలబడింది. ఆమె అంతగా భయపడటం నేనెప్పుడూ చూడలేదు. నా బ్యాగు కింద ఇంట్లో, తలుపు పక్కనే ఉంది.

"ఉంట" అన్నాను.

కూర్చున్నచోట, బల్ల కింద నా కుడికాలు ఊగుతూనే ఉంది. అక్క అది చూసింది. ఆ ఒక్కరోజు మాత్రం ఊపకు అనలేదు.