పానా సెలవు రోజు

ఆ ఫైర్ స్టేషన్‌లో మెకానిక్కుని అందరూ పానా అనేవారు. అంతకుముందు ఆయనకో పేరు ఉండేది గానీ వాడకం లేక తుప్పు పట్టిపోయింది. ఒకసారి కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ ఆ పేరుతో అడిగితే, గేటు దగ్గరున్న డ్రైవరు "అలాంటి మనిషెవరూ ఇక్కడ లేరండీ" అని పంపేశాడు. పక్కనే బండి కింద పడుకుని నట్లు బిగిస్తున్న పానా కూడా నోరు మెదపలేదు. ఇంకెవరినో అడుగుతున్నారనే అనుకున్నాడు.

ఉండేది స్టేషన్ వెనక గదిలోనే. ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి రెండు మేకులు. ఒక మేకుకి ఆయన చొక్కా వేలాడేది. రెండోది భార్య చేతిసంచీది. ఆవిడ పోయాక సంచీ తీసి పెట్టెలో పెట్టాడు గానీ మేకు పీకలేదు. పీకితే గోడ పెచ్చులూడుతుంది, ఎందుకులే అని చెబుదామనుకున్నాడు, ఎవరైనా అడిగితే. ఎవరూ అడగలేదు.

స్టేషన్‌కి ఉన్నది ఒక్కటే ఫైరింజను. డ్రైవరు పుట్టకముందే రోడ్డెక్కిన బండి. తెల్లవారి టీ నీళ్ళు స్టవ్వు మీద పెట్టకముందే పానా దాని దగ్గరికి వెళ్ళేవాడు. తొట్టిలోంచి నీళ్ళు లాగాలంటే పంపులో గాలి ఉండకూడదు. అందుకని పంపు తిప్పే ఇరుసు బయటికొచ్చే చోట జిడ్డు పట్టించిన తాడు చుట్టి, పైన బిళ్ళ పెట్టి బిగిస్తారు. గ్లాండు అంటారు దాన్ని. వదులైతే గాలి జొరబడుతుంది, పంపు నీళ్ళు లాగదు. మరీ బిగిస్తే తాడు కాలిపోతుంది. సరిగ్గా ఉంటే అక్కడ్నించి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతూ ఉండాలి. మంచి బండికైతే ఒకసారి బిగించి మరిచిపోవచ్చు. దీని ఇరుసు అరిగిపోయింది కాబట్టి రోజూ చూసుకోవాలి. నీళ్ళు లాగేటప్పుడైతే, పంపు నడుస్తుండగానే చప్పుడు విని సర్దాలి. ఆ చప్పుడు పానాకి వినబడేది. ఇంకెవరికీ వినబడేది కాదు. డ్రైవరుకి ఎన్నిసార్లు నేర్పబోయినా, "నాకంతా ఒకటే గోల అన్నా, పెళ్ళివారి బ్యాండులా ఉంది" అనేవాడు.

ఆ వేసవిలో ఆఫీసరు ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"కొత్త బండి గ్రాంటుకి మళ్ళీ పెట్టాను. ప్రాంతీయ అత్యవసర సేవల నిధి వాళ్ళు చూడ్డానికి మనిషిని పంపిస్తారట."

"మంచిదేగా సార్."

"మంచిదే. కిందటిసారీ మంచిదే, అంతకుముందూ మంచిదే. ప్రతిసారీ వాళ్ళు రావడం, నువ్వు పంపు తిప్పడం, నీళ్ళు ఆకాశానికి లేవడం, వాళ్ళు నీ భుజం తట్టి 'ఉన్న బండి బ్రహ్మాండంగా పనిచేస్తోంది' అని రాసి పోవడం. ఆ కొత్త బండేమో ఇంకెవరికో ఇచ్చేయడం. నీ భుజానికి తప్ప ఈ స్టేషన్‌కి ఏం ఒరిగిందయ్యా?"

పానా తల దించుకుని గోళ్ళలోని మసి గోక్కున్నాడు.

"ఈసారి ఇచ్చేది రెండు పనులకీ పనికొచ్చే బండి. ముందు నీళ్ళ ట్యాంకు, వెనక స్ట్రెచరు, ఆక్సిజను, మందుల పెట్టె. ఆసుపత్రి నుంచి అంబులెన్స్ ఎప్పుడొస్తుందా అని దారి చూడక్కర్లేదు. ఇక్కడ్నించే బయల్దేరొచ్చు."

పానా తలెత్తాడు. "స్ట్రెచరుంటుందా సార్?"

"చెప్పాగా. అబద్ధం ఆడమనట్లేదు నిన్ను, చెడగొట్టమనీ అనట్లేదు. వాళ్ళొచ్చేదాకా పంపు మీద చెయ్యి వెయ్యకు. ఊరికే ఉండు."

"ఈలోగా ఎక్కడైనా అంటుకుంటే?"

"అంటుకుంటే చెయ్యి వెయ్యి! నువ్వూ నీ ప్రశ్నలూ."

ఆఫీసరుకి తెలియనిదేం లేదు. కాకపోతే అన్నీ పక్కపక్కన పెట్టి చూసి ఉండడు. మొదటిసారి నిధి వాళ్ళు వచ్చి భుజం తట్టి వెళ్ళిన సాయంత్రం, పానా అన్నం తింటూ ఆ సంగతి భార్యకి గొప్పగా చెప్పాడు. ఆవిడ నవ్వి, "అయితే కొత్త బండి రాదన్నమాట. ముసలిదాన్ని వదిలే యోగం లేదు మీకు" అంది. మరుసటి వానాకాలంలో ఆవిడకి గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్స్ అక్కడెక్కడో ఉన్న పెద్దాసుపత్రి నుంచి రావాలి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి పోవాలి. అంతవరకూ ఆగలేక ఆవిడని ఫైరింజను ముందు సీట్లో కూర్చోబెట్టి, సైరన్ వేసి తనే తోలాడు. సగం దారిలో ఆవిడ, "ఆ మోత ఆపండి, తల పగిలిపోతోంది" అంది. ఆపాడు. ఆ తర్వాత ఆవిడ ఇంకేమీ అనలేదు. సిమెంటు గోదాము దాటాక పక్కకి చూశాడు. చూసి, బండి వెనక్కి తిప్పాడు.

ఆ రోజూ ఇంజను ఎక్కడా మొరాయించలేదు. ఒక్క తుమ్మయినా తుమ్మలేదు. ఆయన్ని తినేసేది అదే.

అందుకే ఈసారి ఆఫీసరు మాటకి కట్టుబడ్డాడు. పొద్దున్నే లేచి గ్యారేజీ వైపు వెళ్ళకుండా మంచం మీద కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. స్టవ్వు విప్పి శుభ్రం చేశాడు. తలుపు బందులకి నూనె పోశాడు. అవి కిర్రుమనడం మానేసరికి గది మరీ మూగబోయింది, పోయకుండా ఉండాల్సింది అనుకున్నాడు.

"ఏంటన్నా, అలిగిన అల్లుడిలా గదిలోంచి రావట్లేదు?" అన్నాడు డ్రైవరు.

"పని లేదు."

"పని లేకపోతే పండగ చేసుకోవాలి గానీ, చావు కబురు విన్నట్టు కూర్చుంటారా ఎవరైనా?"

నిధి తరఫున వచ్చినావిడ నడివయసు మనిషి. ఒకప్పుడు అంబులెన్స్‌లో పనిచేసిందట. మాట తక్కువ. ఇన్‌స్పెక్టరమ్మ అన్నారందరూ. సక్షన్ గొట్టం తొట్టిలో దించారు. పంపు దగ్గర డ్రైవరు నిలబడ్డాడు. పానాని దూరంగా గోడవార నిలబెట్టి, "చేతులు కట్టుకో" అన్నాడు ఆఫీసరు చెవిలో.

ఇంజను అందుకుంది. పంపు తిరిగింది. నీళ్ళు మాత్రం రాలేదు. గొట్టం చివర చిన్న దగ్గు, అంతే. ఇన్‌స్పెక్టరమ్మ వేచి చూస్తోంది. ఆఫీసరుకి లోపల సంబరంగా ఉంది, పైకి మాత్రం మొహం ఎంతో బాధగా పెట్టాడు.

గోడ దగ్గర పానాకి ఆ చప్పుడు వినబడింది. గ్లాసు అడుగున మిగిలిన నీళ్ళు పీల్చినట్టు సన్నటి జుర్రు. గాలి లోపలికి పోతోంది. తాడు ఎండిపోయింది, చెయ్యి తగలక. ఆ చప్పుడు వింటూ నిలబడటం ఆయన ఎన్నడూ ఎరగడు. ఎప్పుడు నడిచాడో, గ్యారేజీ గోడ మేకుకి ఉన్న పానా ఎప్పుడు అందుకున్నాడో ఆయనకే తెలియదు. ఇంతటి చిన్న మలుపు. నీళ్ళు బుస్సున లేచి ఎదురు గోడ మీద పడ్డాయి. గోడ మీది కాకి తిట్టుకుంటూ ఎగిరిపోయింది.

పానా తన చేతిలోని పానా వైపు చూసుకున్నాడు. ఆఫీసరు వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. పోయింది. స్ట్రెచరు పోయింది, ఆక్సిజను పోయింది. మళ్ళీ తన చేత్తోనే.

ఇన్‌స్పెక్టరమ్మ నీళ్ళ వైపు చూడలేదు. ఆయన చేతి వైపే చూసింది.

"ఏం చేశారు ఇప్పుడు?"

"ఏం లేదమ్మా. కొంచెం సర్దాను."

"ఏం చూసి?"

"చూసి కాదండీ. విని."

ఆవిడ డ్రైవరు వైపు తిరిగింది. "మీకు వినబడిందా?"

"నాకా మేడమ్? మా ఆవిడ అరిస్తేనే సగం వినబడదు."

"మీరు సెలవు పెడితే దీన్ని ఎవరు సర్దుతారు?" అంది పానాతో.

"సెలవా! ఈయన సెలవు పెట్టడమే ఎరగడు మేడమ్" అని ఆఫీసరు గొప్పగా అనేసి, ఎందుకు అన్నానా అనుకుని, అంతలోనే ఆవిడ మొహంలో ఏదో కనిపెట్టి ఆగాడు.

"అయితే రేపు పెట్టండి" అందావిడ. "నేను ఈ రాత్రికి ఊళ్ళోనే ఉంటాను. ఏదీ విప్పొద్దు, ఏదీ దాచొద్దు. ఆ పానా ఆ మేకుకే ఉండాలి. మీరు మాత్రం పొద్దున్నే ఎటైనా వెళ్ళిపోండి. మా నిధి డబ్బు ఇచ్చేది స్టేషన్‌కి. మీరు లేకపోతే స్టేషన్ ఉందో లేదో నేను చూడాలి."

మర్నాడు పొద్దున్న పానా చొక్కా వేసుకుని, వెళ్ళేముందు డ్రైవరుకి మళ్ళీ ఒకసారి అంతా చెప్పాడు. జుర్రు వినబడితే ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో. మోసం లేకుండా చెప్పాడు. తర్వాత బస్టాండుకి నడిచాడు. ఎటు పోవాలో మాత్రం తెలియలేదు. అక్క బతికున్నన్నాళ్ళూ రమ్మనేది, అప్పుడు తీరిక లేదనేవాడు. ఇప్పుడు తీరిక ఉంది.

"ఎక్కడికి?" అన్నాడు కండక్టరు.

"ఇది ఎక్కడిదాకా పోతుంది?"

"పెద్దాసుపత్రి దాకా."

"అక్కడికే ఇవ్వు."

సిమెంటు గోదాము వచ్చింది. బస్సు ఆగలేదు. దాని పక్కనుంచి మామూలుగా, ఏమీ కానట్టు వెళ్ళిపోయింది. అక్కణ్ణించి ముందున్న రోడ్డు పానా ఎప్పుడూ చూడనిది. కిటికీ దగ్గర నిటారుగా కూర్చుని ప్రతి మలుపూ చూశాడు. ఎంతో లేదు. ఇంకొంచెమే ఉంది.

ఆసుపత్రి అత్యవసర విభాగం ముందు సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. అంబులెన్స్ ఒకటి వచ్చింది. వెనక తలుపులు తెరిచి, ఎవరో ముసలాయన్ని స్ట్రెచరు మీద దించి పరుగున లోపలికి తోసుకుపోయారు. ముందు చక్రం ఒకటి పిచ్చెక్కినట్టు గిరగిరా ఆడుతోంది. ఖాళీ స్ట్రెచరు బయటికి తెచ్చినప్పుడు పానా ఉండబట్టలేక లేచి వంగి చూశాడు.

"దీని పిన్ను అరిగింది బాబూ. ఒక వాషరు వేస్తే సరిపోతుంది."

వార్డుబాయ్ ఎగాదిగా చూశాడు. "ఎవరండీ మీరు? పేషెంటు తాలూకానా?"

"కాదు."

"మరి ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదు. సెలవులో ఉన్నాను."

"సెలవులో ఉంటే సినిమాకి పోతారు గానీ ఇక్కడికొస్తారేంటండీ!" అని నవ్వి, స్ట్రెచరు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. చక్రం ఆడుతూనే ఉంది. పానా మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. బండ్లు వచ్చాయి, పోయాయి. ప్రతి బండి వెంటా ఎవరో ఒకరు దిగి చెప్పులు జారిపోతున్నా చూసుకోకుండా లోపలికి పరిగెత్తేవారు. ఆయన ఆ తలుపు దాటి లోపలికి వెళ్ళలేదు. వెళ్ళి ఎవరి కోసమని చెబుతాడు? సాయంత్రపు బస్సు పట్టుకున్నాడు.

స్టేషన్ గేటు దగ్గరే ఆఫీసరు ఎదురొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "రాలేదయ్యా! ఒక్క చుక్క వస్తే ఒట్టు! ఆవిడే దగ్గరుండి ఎన్నిసార్లు తిప్పించిందో! చివరికి 'మీకు బండి లేదండీ, ఆ మనిషి ఉన్నాడు, అంతే' అంది. బండి ఇవ్వాలని తనే రాస్తుందట. ఇక వచ్చినట్టే అనుకో."

"స్ట్రెచరుతోనేనా సార్?"

"స్ట్రెచరుతోనే. నీకూ హాయి. దాని బాగోగులన్నీ కంపెనీవాళ్ళే చూసుకుంటారు, బానెట్ తెరవడానికి కూడా వాళ్ళే రావాలి. ఇక నీ చేతికి మసి అంటదు!"

"చాలు సార్" అన్నాడు పానా.

గ్యారేజీలో కాలిన తాడు వాసన. డ్రైవరు తల గోక్కుంటూ నిలబడ్డాడు. "నువ్వు చెప్పినట్టే చేశానన్నా. ఏమీ వినబడకపోయేసరికి బలమంతా పెట్టి బిగించేశాను. పొగొచ్చింది. ఆవిడ ఇక ఆపమంది."

పానా చొక్కా విప్పి పంపు దగ్గర కూర్చున్నాడు. బిళ్ళ వదులు చేసి, మాడిన తాడు ముక్కలు కొక్కెంతో ఒక్కొక్కటే బయటికి లాగాడు.

"పోయే బండికి ఇంకా ఎందుకన్నా ఈ చాకిరీ?"

"కొత్తది వచ్చేదాకా ఎక్కడైనా అంటుకుంటే ఇదే కదరా పోవాల్సింది."

డ్రైవరుకి ఇంటినుంచి ఫోన్ వచ్చింది. "ఆఁ వస్తున్నా, దారిలోనే ఉన్నా" అంటూ గ్యారేజీలోంచే అబద్ధమాడి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. పానా కొత్త తాడు కోసి, జిడ్డు పట్టించి, వరస వరసగా చుట్టాడు. ఇంజను స్టార్టు చేశాడు. మొదట జుర్రు వినబడింది. ఇంతటి చిన్న మలుపు. జుర్రు ఆగింది. నీళ్ళు లేచి ఎదురు గోడ మీద పడ్డాయి. ఈసారి గోడ మీద కాకి కూడా లేదు.

పంపు ఆపకుండా కాసేపు అలాగే వదిలాడు. గ్లాండు కింద డబ్బా పెట్టాడు. బొట్టు పడింది. ఆగి, ఇంకొకటి పడింది. ఆయన బండి ముందు వైపుకి నడిచి, ఎడమ పక్క తలుపు తీసి, ఆ రోజు భార్యని కూర్చోబెట్టిన, ఇన్నేళ్ళూ తనెన్నడూ ఎక్కని ఆ సీట్లో కూర్చున్నాడు. అక్కడికి కూడా ఆ బొట్ల చప్పుడు వినబడుతోంది. చీకటి పడేదాకా వింటూ కూర్చుని, తర్వాత దిగి, ఇంజను ఆపి, పానా తీసి దాని మేకుకి తగిలించాడు.