మేడం తీసుకోని చీర

మా డ్రిల్లు మేడం పోయారని ఫోన్ వచ్చేసరికి నేను కడపలో ఒక ఆటగాడి మోకాలికి కట్టు కడుతున్నాను. "మేడం ఇంక లేదు పాపా, తెల్లారుజామున గుండె ఆగిపోయిండాది" అన్నాడు ఆదోని నుంచి మా స్కూలు అటెండరు. కట్టు వేరేవాళ్ళకు అప్పజెప్పి బస్సెక్కాను. తాడిపత్రి దాటాక గానీ ఏడుపు రాలేదు.

మీకు ఆమె తెలిసి ఉండదు. మా గవర్నమెంటు స్కూల్లో ఆటల టీచరు. నేత చీర మీద నీలం ట్రాక్ కోటు, మెడలో ఈల, కాళ్ళకు కాన్వాసు బూట్లు. సున్నం డబ్బాకు చిల్లులు పొడిచి, మండే ఎండలో కబడ్డీ కోర్టు గీతలు తనే గీసేవారు. కాస్త వంకర పోయినా కాలితో చెరిపి మళ్ళీ గీసేవారు. మేం విసుక్కుంటే, "గీత సరిగ్గా లేకుంటే ఔటో కాదో ఎట్ల చెప్పేది మే? కొట్టుకొని సస్తారు" అనేవారు. ఆమె దెబ్బ తినని వీపు మా బ్యాచ్‌లో లేదు. కొట్టిన రోజు సాయంత్రం గుగ్గిళ్ళు కూడా ఆమే తెచ్చిపెట్టేవారు.

ఆ కోర్టులోనే నాతోపాటు కూత నేర్చుకున్న కుర్రాడు పెద్దయ్యాక కబడ్డీ లీగులో పేరున్న రైడర్ అయ్యాడు. నేను మోకాలు దెబ్బతిని ఆట మానేసి, ఫిజియోథెరపీ చదివి, వాడు ఆడే జట్టులోనే ఉద్యోగానికి చేరాను. ఒక సాయంత్రం వాడు చికిత్స గది గడియపెట్టి నా ఒంటి మీద చెయ్యి వేశాడు. కేకలు వేసి, తోసేసి బయటపడ్డాను. మర్నాడే లీగుకు ఫిర్యాదు ఇచ్చాను.

సెమీఫైనల్ దగ్గర పడింది. వాడు లేకపోతే జట్టే లేదు. జట్టు యజమాని నాతో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. లీగుల్లో ఇలాంటివాటికి ఒక పద్ధతి ఉందట. జీతంలో కొంత జరిమానా కోస్తారు, సెమీఫైనల్‌కు ముందు మిగిలిన లీగు మ్యాచుల్లో ఒకదానికి బెంచీ మీద కూర్చోబెడతారు, పేపర్లకు మోకాలి నొప్పని చెబుతారు. ఆ మోకాలికి మందు రాసేది నేనే! నాకు ఒళ్ళు మండిపోయింది.

విచారణ కమిటీలో బయటి మనిషి ఒకరు ఉండాలని, ఆ మనిషి సంతకం లేనిదే ఏదీ చెల్లదని లీగు నియమం. యజమాని ఏరికోరి మా మేడంనే పిలిపించాడు. ఇద్దరూ ఆమె శిష్యులే కదా, ఇంట్లో గొడవలాగా సర్ది పంపిస్తుందని అతని ధీమా. ఆ మాట వినగానే నాకు ఆశ పోయింది. వాడంటే ఆమెకు ప్రాణం. వాడు స్కూల్లో గెలిచిన కప్పు ఆమె బీరువాలోనే ఉంది.

సెమీఫైనల్ రోజు పొద్దున హోటల్ గదిలో కమిటీ ముందు కూర్చున్నాం. మేడం నన్ను చూసి నవ్వనైనా లేదు. జరిగింది చెప్పమన్నారు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. గడియ ఎవరు పెట్టినారు, తలుపు యా పక్కకుండాది, నువ్వు యాడ నిలబడిండావు... ఈమె కూడా నన్ను నమ్మడం లేదని పళ్ళు కొరుక్కున్నాను. తర్వాత వాణ్ణీ అలాగే అడిగారు. గడియ దానంతట అదే పడిందన్నాడు.

"దానంతటదే పడే గడియనా? పా, పోయి చూసొద్దాం" అన్నారు మేడం. వాడు కుర్చీలోంచి లేవలేదు.

అప్పుడే యజమాని తలుపు తోసుకొని వచ్చాడు. చేతిలో పళ్ళెం, అందులో పట్టుచీర, పసుపు కుంకుమ. వెనక ఫోటోగ్రాఫరు.

"మేడం, పాప మనింటి ఆడబిడ్డ. వాడు చెల్లెలా అని చీర పెడతాడు, కాళ్ళు మొక్కుతాడు. సాయంత్రం మ్యాచ్ ఉండాది. ఈడికి ముగిచ్చేద్దాం."

వాడు లేచి పళ్ళెం అందుకున్నాడు. ఆ చీర నా ఒళ్ళో పడిందంటే ఫిర్యాదు పోయినట్లే. రేపటి నుంచి అదే గదిలో, చెల్లెలిగా, వాడి కాలే పట్టాలి.

మేడం పళ్ళెం లాగేసుకున్నారు.

"ఏమప్పా, మీ లీగులో అంపైర్‌ను తిడితే ఎన్ని మ్యాచులు ఆడనీరు?"

"మూడు మేడం."

"ఆ అంపైర్‌కు పంచె పెట్టి సర్దుకున్నారా ఎప్పుడన్నా?"

యజమాని ఫోటోగ్రాఫరును కెమెరా దించమని సైగ చేశాడు.

"మరి ఈ పాపకు చీర యాలప్పా?" పళ్ళెం తిరిగి యజమాని చేతిలో పెట్టారు. "వాడు తప్పు చేసినాడని నేనింకా చెప్పలే. తేలేదాకా బయట కూర్చోవాల. మోకాలు నొప్పి గీకాలు నొప్పి అనొద్దు. విచారణ జరుగుతాండాదని మైకులో చెప్పండి."

"మేడం, నా బతుకు పోతాది" అని ఏడ్చేశాడు వాడు. మేడం కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"తెలుసురా. నాకూ కడుపు కాలుతాండాది. కూర్చో."

ఆ సాయంత్రం జట్టు ఓడింది. జనం నీళ్ళ సీసాలు విసిరారు. విచారణ పూర్తయ్యాక లీగు వాణ్ణి రెండు సీజన్లు ఆడకుండా పక్కన పెట్టింది, ఎందుకో కూడా బయటికి చెప్పింది. ఆదోనిలో మేడం ఇంటి గోడ మీద ఎవరో బొగ్గుతో బూతులు రాశారు. ఆమె కోర్టు గీతలకు పోను మిగిలిన సున్నం కలిపి గోడకు పూసి స్కూలుకు వెళ్ళిపోయారట. నన్నెందుకు అన్నిసార్లు అడిగారని తర్వాత ఒకసారి దెబ్బలాడాను. "రేపు ఇంకెవడూ నిన్ను అడక్కుండా ఉండాలని" అన్నారు. నా కోపం అక్కడితో తీరిపోయింది. ఆమె రుణం మాత్రం తీరేది కాదు.

నేను ఆదోని చేరేసరికి మేడంను అరుగు మీద పడుకోబెట్టారు. చీర మీద అదే నీలం కోటు, జిప్పు మెడదాకా. పాత విద్యార్థులు తెచ్చిన కొత్త చీరలు ఒకదాని మీద ఒకటి కప్పుతున్నారు. వీధి అవతల వాడు నిలబడి ఉన్నాడు. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు.

ఇంతలో యజమాని కారు దిగాడు. ఒక చేతిలో దండ, ఇంకో చేతిలో పట్టుచీర. అప్పటి చీర కాదులే, చేతులు మాత్రం అవే. "శానా గొప్ప మనిషి" అంటూ మడత విప్పబోయాడు. నేను అడ్డంగా వెళ్ళి ఆ చీర తీసుకొని, మళ్ళీ మడిచి, అతని చేతిలో పెట్టాను.

"దండ వేయండి సార్. చీర మేడం తీసుకోరు."

అతను దండ వేసి వెళ్ళిపోయాడు. గడప పక్కన మేడం బూట్లు ఉన్నాయి, కొసలకు సున్నం ఇంకా తెల్లగా అంటుకొని.