పిల్ల చేతి మీద సున్న

ఇన్నేళ్లుగా ఇది నా గొంతులోనే ఉంది. అన్నం తింటుంటే అడ్డం పడింది, మనవరాలికి జడ వేస్తుంటే అడ్డం పడింది. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

పంతొమ్మిది వందల అరవైల చివర హైదరాబాదు తార్నాకలో ఒక డాక్టరు దగ్గర ఆయాగా పనిచేశాను. పెన్సిలిన్ సూది వేసే ముందు ఆయన చేతి చర్మంలోకి రవ్వంత మందు ఎక్కించేవాడు. ఆ చోటు చుట్టూ పెన్నుతో సున్న చుట్టి, దద్దురు లేస్తుందేమో చూడడం నా పని. లేస్తే ఆ మందు పడదని అర్థం. చదువు రాని నా చేతికి పెన్నుతో వచ్చిన పని అదొక్కటే.

యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసే మల్లయ్య జ్వరంతో ఉన్న కూతుర్ని తెచ్చాడు. ఆ రోజు జనం వాకిలి దాకా ఉన్నారు. డాక్టరు ఆ దద్దురు పరీక్ష చేయకుండానే పెన్సిలిన్ సూది వేశాడు. చూశాను. నోరు తెరవలేదు. కాసేపటికే పిల్ల మొహం ఉబ్బింది, ఊపిరి అందలేదు. ఆయన ఏవేవో మందులు ఎక్కించాడు. బల్ల మీదే పోయింది.

బయట మల్లయ్య తలుపు కొడుతున్నాడు. డాక్టరు తన జేబులోని పెన్ను తీసి నా ముందు పెట్టాడు. ఎందుకో అనకపోయినా నాకు అర్థమైంది. పిల్ల చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. సున్న చుట్టాను.

తర్వాత మల్లయ్య, క్యాంపస్‌లో లా చెప్పే ఒక సారును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కోర్టుకు పోవాలంటే లోపల ఉన్న మనిషి సాక్ష్యం కావాలన్నాడు ఆ సారు.

"అక్కా, నీ కాళ్లు మొక్కుతా. ముందుగాల పరీక్ష చేసిండ్రా?" అని అడిగాడు మల్లయ్య.

"చేసిండ్రన్నా. చేతి మీద సున్న నువ్వు చూడలేదా?"

"చూసిన," అని మల్లయ్య తల వంచుకున్నాడు. "నా బిడ్డ నసీబే గంతేనేమో."

కేసు అక్కడే ఆగిపోయింది.

భయమా? మొగుడు పోయిన నాకు ఆ కొలువే తిండి, నిజమే, కానీ డాక్టరు నన్ను బెదిరించలేదు, నాకేమీ తెలియదని తప్పించుకున్నా సరిపోయేది, అయినా ఆ సున్నను గుర్తుచేసి మరీ నమ్మించాను. ఎందుకు?

ముసలితనంలో అడిక్‌మెట్‌లో పెద్దవాళ్లకు చదువు నేర్పే బడికి వెళ్లాను. టీచరమ్మ మొదట సున్న చుట్టమంది. అందరూ చుట్టారు. నా చెయ్యి కదల్లేదు. మొద్దునని నవ్వారు.

అయినా బడి మానలేదు, ఇప్పుడు పేపరు చదవగలను. వైద్యంలో జరిగే తప్పులకు చట్టం మారాలని రాస్తున్నారు. మారాలి. తప్పు చేసినవాడు ఇచ్చే జీతం మీద బతికే మనిషి నోటి మీదే కేసంతా ఆధారపడితే మల్లయ్య లాంటివాళ్లకు న్యాయం ఎక్కడ దొరుకుతుంది? పరీక్ష చేశానని డాక్టరే రుజువు చేయాలి. నిజం చెప్పిన ఆయా కొలువు పోకూడదు. అలాంటి చట్టం అప్పుడుంటే నేను చెప్పేదాన్నా? తెలియదు. చట్టం చాటున దాక్కోను.

మల్లయ్య ఇప్పుడు లేడట. క్షమించమని అడగడానికి కూడా మనిషి లేడు. అయినా ఆయన అడిగినదానికి జవాబు నా చేత్తో రాస్తున్నాను.

పరీక్ష చేయలేదన్నా. ఆ సున్న, పిల్ల పోయినంక నేను చుట్టింది.