రేపల్లె మాస్టారి యాంటెన్నా

తెనాలిలో మా డాబా మీద హ్యామ్ రేడియో గేట్‌వే ఒకటి నడుపుతున్నాను. ఇంటర్నెట్‌లో వచ్చిన మెసేజిని అది గాలిలోకి పంపుతుంది. అవతలి రేడియో అందిందని చెప్పేదాకా మళ్లీ మళ్లీ పంపుతుంది. ఈలోగా సెట్టు ఉన్న ఎవరైనా దాన్ని చదవచ్చు. ఆ సంగతి తెలియక ఈ ఉదయం మాతోపాటు రేడియోలో మాట్లాడే రేపల్లె మాస్టారికి కూతురు రాసింది: "నాన్నా, నీ రిపోర్టు వచ్చింది. క్యాన్సరేనంట. ఫోన్ చెయ్యి."

మాస్టారి సెట్టు ఆపి ఉంది. ఆ మెసేజి పదకొండుసార్లు వెళ్లింది. నేను చూస్తూ కూడా ఆపలేదు. పంపడం గేట్‌వే పని కదా అనుకున్నాను.

సాయంత్రం మాస్టారు సెట్టు పెట్టి అందరినీ పలకరించగానే బాపట్లలో ఉండే ఇంకో హ్యామ్ మిత్రుడు అందుకున్నాడు.

"మాస్టారూ, మీ యాంటెన్నా నాకే ఇవ్వాలండి. ఇంకెవరికీ మాటివ్వకండి."

"నేను బతికుండగానే పంపకాలేంటయ్యా?" అని నవ్వారాయన.

"అయ్యో, మెసేజి ఇంకా చదవలేదాండి?"

అప్పుడే పన్నెండోసారి వెళ్లింది. ఈసారి అందినట్టు నా కంప్యూటర్‌లో కనపడింది. అమ్మాయికి ఫోన్ చెయ్యాలంటూ మాస్టారు సెట్టు ఆపేశారు.

కాసేపాగి, ఆ యాంటెన్నా ఎన్ని అడుగులుంటుందని బాపట్లాయన నన్ను అడిగాడు. పద్దెనిమిది అని చెప్పాను.

ఆయన్ని తిట్టాలనుకునేవాళ్లు కింద కామెంట్లలో తిట్టండి. కొలత చెప్పిన నన్ను మాత్రం వదలకండి.