నీళ్లకు కీళ్లనొప్పులు

ఇది ఒక మహావీరుడి గాథ. చదివేవారు మంచినీళ్లు పక్కన పెట్టుకుని కూర్చోవాలి. నిజానికి అంతేం లేదు. మా ల్యాబ్‌లో అచ్చు వేసిన యాదగిరి కాక గురించి ఒకటిన్నర పేజీ. ఈ పొద్దున ల్యాబ్ బయట ఒక సహోద్యోగి నాకు శుభలేఖ ఇచ్చింది. నాలుగు మూలలా పసుపు. ఆ వాసన తగలగానే నా చెయ్యి సబ్బు కోసం వెతికింది.

మాది హైటెక్ సిటీలో అద్దాల భవనాల వెనక మూడో అంతస్తు. కాగితం మీద రక్తపరీక్ష తయారుచేస్తాం. బస్ టికెట్టంత ముక్క మీద కార్బన్ సిరాతో మూడు గీతలు, పైన ఒక రక్తపు చుక్క. గీతల్లో పారే కరెంటును బట్టి చిన్న మీటరు యూరిక్ యాసిడ్ ఎంతుందో చెబుతుంది. అది ఎక్కువైతే కీళ్లు పట్టేస్తాయి. తర్వాత ముక్కను పారేయాలి. కాక ఇక్కడికి రాకముందు ముప్పై ఏళ్లు కూకట్‌పల్లిలో పెళ్లిపత్రికలు అచ్చేశారు. జనం వాట్సాప్‌లో పిలవడం మొదలుపెట్టాక ప్రెస్ మూతపడింది. ఆయనా నేనూ ఒకే వారం చేరాం, ఇద్దరికీ ప్రొబేషనే. నాకు ఎంటెక్ ఉంది. ఆయనకు పని వచ్చు.

"ఇంజనీర్ సాబ్, కాయితాన్ని గట్ల పట్టకు, చెమట తాగుతది," అనేవారు. కాగితానికి దాహం వేస్తుందని నాకెవరూ చెప్పలేదు.

ఆసుపత్రి ట్రయల్‌కి మొదటి లాట్ వేసిన రోజు, కాక జేబులోంచి పొట్లం తీసి మొదటి షీటు నాలుగు మూలలా పసుపు రాశారు. "ఇది పెట్టంది పని ముందలవడదు," అన్నారు. నాకు ముచ్చటేసి ఫోటో తీశాను. ఆయన అదే చేత్తో మిగతా షీట్లు ఆరేశారు.

మర్నాడు మా బాస్ శైలజ మేడమ్ కొన్ని ముక్కల మీద ఉత్త ఉప్పునీళ్ల చుక్క వేశారు. సున్నా రావాలి. కొన్నిటికి వచ్చింది. మిగతావాటి ప్రకారం ఆ నీళ్లు కీళ్లనొప్పులతో మంచం దిగలేని స్థితిలో ఉన్నాయి.

"ఎవరైనా ఏమైనా మార్చారా?" అన్నారు మేడమ్. ఫోటో నా ఫోన్‌లోనే ఉంది. నేను ఏసీ వైపు చూసి, గాలిలో తేమ గురించి ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు చెప్పాను.

"పసుపు వెట్టిన మేడమ్," అన్నారు కాక. "నా చెయ్యే."

పసుపు కూడా కరెంటిస్తుంది. మీటరు దాన్నే యూరిక్ యాసిడ్ అనుకుంది. మేడమ్ కాక వైపు తిరిగారు. "మూలల్లోవి తీసేస్తే సరిపోతుందా యాదగిరి గారూ? రేపే ట్రయల్."

ఇక్కడ మా సరుకు గొప్పతనం చెప్పాలి. ఒకసారి తడిస్తే దాని పని అయిపోయింది. ఏ ముక్క మంచిదో తెలుసుకోవాలంటే దాన్ని పాడుచేయాలి. మిగిలినవాటికి అచ్చేసినవాడి మాటే పరీక్ష. "సరిపోతది" అంటే ఆయన ఉద్యోగానికి ఢోకా లేదు.

"ఏవేవి ముట్టిన్నో యాదికి లేదు. అన్నీ పారేయుండ్రి. పత్రికల హాలు పేరు తప్పువడితే చుట్టాలు వేరే పెండ్లికి వోయి తిని వస్తరు. ఇది తప్పయితే ఎవలో లేని రోగానికి మందు మింగుతరు."

పారేశాం. ట్రయల్ నెల వెనక్కి పోయింది. ఆయన్ని తీసేస్తారని గుండెలు పిండే వీడ్కోలు ప్రసంగం ఒకటి సిద్ధం చేసుకున్నాను. మేడమ్ చేతులు కడుక్కోమని మాత్రం చెప్పారు. ప్రసంగం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం కింద చాయ్ తాగుతూ ఆయనకు ఫోటో చూపించాను.

"చూసినవ్ గదా, ఎందుకు చెప్పలే?"

"ప్రొబేషన్ కదా, కాకా."

"నాది గూడ గదా," అని చాయ్ ఊదుకున్నారు.

మూడేళ్ల తర్వాత, "గీత పక్కకు జరుగుతున్నది, నాకు కనవడ్తలేదు," అని ఎవరూ అడగకముందే చెప్పి ఆయనే మానేశారు.

ఇప్పుడు లాట్ల మీద సంతకం నాది. తప్పు నాదైతే చెప్పేస్తాను. ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు, ముందు ఒకసారి ఏసీ వైపు చూస్తాను.

శుభలేఖలు ల్యాబ్‌లోకి రానివ్వం. పొద్దున నాకిచ్చినది కింద రిసెప్షన్‌లో దాచమని ఇచ్చాను. సాయంత్రం ఆరులోపు తీసుకోవాలి, తర్వాత తాళం వేస్తారు.