నా లివరుకి నేనే రాసుకున్న జబ్బులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు మనుషులు మనుషుల్లా కనిపించేవారు కాదు. బస్సులో పక్కన ఎవరైనా దగ్గితే ముందు ఆ దగ్గు కోడ్ గుర్తొచ్చేది, ఆ తర్వాతే ఆ మనిషి ముఖం. బహ్రెయిన్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో మెడికల్ కోడర్‌ని నేను. డాక్టర్లు రాసిన జబ్బుని ఇన్సూరెన్సు వాళ్ళకి అర్థమయ్యే అక్షరాలూ అంకెలుగా మార్చడం నా పని. (మా అమ్మ మాత్రం కాకినాడలో అందరికీ "మావాడు డాక్టర్ల పక్కనే కూర్చుంటాడు" అని చెప్పుకునేది. అబద్ధమేమీ కాదు, గోడకి అటువైపు డాక్టర్లే ఉండేవారు.) మా పనిలో ప్రాణంలాంటి సూత్రం ఒకటుంది. డాక్టరు ఏది తేల్చి రాస్తే దానికే కోడ్ ఇవ్వాలి, అనుమానాలకి ఇవ్వకూడదు. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు పెరిగాయని మాత్రమే రాస్తే, పెరిగాయని చెప్పే కోడే ఇవ్వాలి. అది 'ఆర్' అక్షరంతో మొదలవుతుంది. అంతేగాని మన తెలివంతా ఉపయోగించేసి, 'కె' అక్షరం కింద బారులు తీరి కూర్చున్న అసలు లివర్ జబ్బుల జోలికి పోకూడదు. నాకంటే నెల వెనక చేరినవాళ్ళకి ఈ సంగతి నేనే, చేతులు వెనక్కి కట్టుకుని, పాఠంలా చెప్పేవాణ్ణి.

ఆ ఏడాదే నాకొక పెళ్ళి సంబంధం వచ్చింది. అమ్మాయి అక్కడే వేరే ఆసుపత్రిలో నర్సు, మా తెలుగు క్రైస్తవ సహవాసంలో పాటలు పాడేది. హమద్ టౌన్‌లో ఉండే వాళ్ళ బాబాయిగారే ఆమెకి పెద్దదిక్కు. ఆయన ఊరికే చూసినా మనకి ఇంటర్వ్యూ జరుగుతున్నట్టుండేది. "వచ్చే శుక్రవారం ఆరాధన అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారాయన. (అక్కడ వారపు సెలవు శుక్రవారమే, అందుకే మా ఆరాధనా ఆ రోజే.) అప్పట్లో నా ఆకారం ఎలా ఉండేదంటే, నేను తొడుక్కున్నాక కూడా చొక్కా ఇంకా హ్యాంగరుకే వేలాడుతున్నట్టుండేది. శుక్రవారంలోపు కాస్త కండ పట్టాలని, జిదాఫ్స్‌లో మా గది పక్క సందులో ఉన్న జిమ్‌లో చేరాను. మొదటిరోజే, పక్కనున్న పహిల్వాన్ ఎత్తుతున్న బరువులన్నీ నేనూ ఎత్తబోయాను. మర్నాడు పళ్ళు తోముకుందామంటే చెయ్యి నోటిదాకా రాలేదు. బ్రష్‌ని కిందే పట్టుకుని, దాని దగ్గరికి నోరు తీసుకెళ్ళి, తల అటూ ఇటూ ఊపాను. సరిగ్గా ఆ రోజే మా ఆసుపత్రిలో సిబ్బందికి ఏటా చేసే రక్తపరీక్ష.

రిపోర్టు వచ్చాక మా డాక్టరుగారు పిలిచి, "లివర్ ఎంజైములు కొంచెం పెరిగాయి. రెండు వారాలాగి మళ్ళీ చూద్దాం" అన్నారు. ఇంకేదో అడగబోయారు కూడా. నేను వినే స్థితిలో ఉంటేగా! "థాంక్యూ సర్" అని బయటపడి, నా సీట్లో కూర్చుని కోడ్‌ల జాబితా తెరిచాను. 'ఆర్' దగ్గర ఆగాల్సిన వేలు తిన్నగా 'కె' లోకి జారింది. ఒక్కో జబ్బూ చదువుతుంటే ఒక్కోటీ నాదే అనిపించింది. భోజనం వేళకి లివర్ గట్టిపడింది. టీ వేళకి లివర్ మార్పిడి దాకా వచ్చేశాను. ఇచ్చేవాళ్ళెవరా అని మా బంధువుల్ని కూడా ఒకసారి మనసులో వరసగా నిలబెట్టి చూశాను.

గదికి వెళ్ళేసరికి ఏసీ అన్న వంట చేస్తున్నాడు. నాతోపాటు ఆ గదిలో ఉండే నిజామాబాద్ వైపు మనిషి, మామీర్‌లో కంపెనీల ఏసీలు బాగుచేసేవాడు, అందుకే ఆ పేరు.

"ఏందిర తమ్మీ, మొఖం గట్ల వెట్టినవ్? మేనేజరేమన్న అన్నడా?"

"నా లివర్ పోయిందన్నా."

ఆయన చేతిలో గరిటె ఆగిపోయింది. "నీదా? తాగేది నేనైతే లివరు పోయేది నీదా? గిదేం న్యాయంర భై!" అని కాసేపు నావైపే జాలిగా చూసి, కూరలో నూనె తగ్గించాడు. నా కోసం ఆయన చేసిన మొదటి త్యాగం అది.

శుక్రవారం వచ్చింది. ఆరాధనలో మా పాస్టరు అయ్యగారు "ప్రార్థన అంశాలున్నవాళ్ళు చెప్పండి" అన్నారు. ఒకరు వీసా గురించి, ఒకరు పిల్లల పరీక్షల గురించి చెప్పారు. నాకు దుఃఖం ఆగలేదు. లేచి నిలబడి, "నా లివర్ కోసం ప్రార్థించండి" అన్నాను.

మన తెలుగువాళ్ళలో లివర్ అన్న మాటకి ఒక్కటే అర్థమని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. ముందు వరసలో బాబాయిగారి మెడ నెమ్మదిగా వెనక్కి తిరిగింది. అయ్యగారు కళ్ళు మూసుకుని, గొంతు పెంచి, "ప్రభువా, ఈ యౌవనస్థుణ్ణి ఆ సీసా బంధకాల్లోంచి విడిపించు!" అన్నారు. అందరూ ఒక్కసారిగా "ఆమెన్" అన్నారు. అలవాటుకొద్దీ నేనూ అన్నాను.

ఆరాధన అయ్యాక బాబాయిగారు నా భుజం తట్టి (నొప్పికి చుక్కలు కనిపించాయి), "ముందు ఆరోగ్యం చూసుకో బాబూ. మిగతా మాటలు ఇప్పుడెందుకులే" అని కారు వైపు వెళ్ళిపోయారు. అమ్మాయి మాత్రం చెప్పుల దగ్గర ఆగింది.

"ఆ రిపోర్టు ఉందా అండీ?"

ఫోన్‌లో చూపించాను. చూసి, "మీరు తాగుతారా?" అంది.

"లేదండీ, ఒట్టు."

"మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండీ."

"మరి ఆ చేతులేంటి, తడిబట్టలు ఆరేసినట్టు అలా దూరంగా పెట్టుకున్నారు?"

"జిమ్‌కి వెళ్ళానండీ."

"ఎందుకు?"

"మీ బాబాయిగారి కోసమండీ."

ఆమెకి నవ్వాగలేదు. గోడ పట్టుకుని నవ్వింది. "కండరాలు బాగా నలిగినా ఈ ఎంజైములు పెరుగుతాయండీ. అదే కారణమని నేననను. మీ డాక్టరుగారికి జిమ్ సంగతి చెప్పి, ఆపేసి, మళ్ళీ పరీక్ష చేయించుకోండి. ఇందులో ఆయన రాసింది ఒక్క ముక్క. మిగతాదంతా మీరే రాసుకున్నారు."

నేను అందరికీ చేతులు వెనక్కి కట్టుకుని చెప్పే పాఠాన్ని, చేతులు వెనక్కి పెట్టలేని స్థితిలో ఉండగా నాకే చెప్పింది.

డాక్టరుగారు జిమ్ మాట వినగానే, "ఆ రోజు నేను అడగబోయింది అదే. నువ్వు పారిపోయావు" అన్నారు. రెండు వారాలు బరువు జోలికి పోకుండా ఉంటే రిపోర్టు మామూలైపోయింది. అయితే బాబాయిగారు రిపోర్టుల్ని నమ్మే రకం కాదు. చివరికి ఏసీ అన్నే సెలవు పెట్టుకుని హమద్ టౌన్ వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాడు. "సార్, తాగేటోణ్ణి నేను. గీ పిలగాడు నాకు గిలాస కడిగిస్తడు గని ముట్టడు. తాగేటోడే అయితే నాకు జోడన్న దొరుకుతుండె గద!" అన్నాడట. ఆ మాట ముందు ఏ డాక్టరు సంతకమూ నిలవలేదు. బాబాయిగారు ఆయనకి టీ ఇప్పించి, అప్పుడే మా అమ్మకి ఫోన్ చేశారు.

ఇప్పటికీ ఏటా నా రక్తపరీక్ష రిపోర్టు వస్తుంది. నేను తెరిచి కూడా చూడను. మా ఆవిడే చదివి, "అన్నం తగ్గించండి" అంటుంది. నేను సరేనని ఇంకో గరిటె వడ్డించుకుంటాను. ఒక్కోసారి అలా తింటూ ఉండగా ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నిండు సభలో లేచి నిలబడి, సిగ్గు కూడా మరిచిపోయి, తనని ఎలాగైనా బతికించమని అడిగాడు. నవ్వొస్తుంది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నేను మళ్ళీ ఏదీ అంత ఆశగా అడిగినట్టు గుర్తులేదు.