చెయ్యెత్తని మనిషి

ఊరికి కొత్తగా వచ్చిన డ్రైవరు మొదటి రోజే డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాడు. కారణం అడిగితే బస్సులు ఆగలేదన్నాడు. డిపోలో అందరూ పగలబడి నవ్వారు. బస్సు నడిపేవాడికే బస్సు ఆగకపోతే ఇక మామూలు జనం గతేమిటని ఒకరు, ఈయన మొహం చూసి జడుసుకుని ఉంటారని ఇంకొకరు. ఆయన మాత్రం నవ్వలేదు. నిజంగానే ఆగలేదు మరి. పొద్దున్నే లేచి, ఖాకీ చొక్కా వేసుకుని, దానిమీద అలవాటు కొద్దీ స్వెటరు తొడుక్కుని, స్టాపులో స్తంభం పక్కన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఒకటి కాదు, రెండు కాదు, వచ్చిన ప్రతి బస్సూ ఆయన ముందునుంచే దర్జాగా వెళ్ళిపోయింది. చివరికి డిపోదాకా కాళ్ళీడ్చుకుంటూ నడిచే వచ్చాడు.

"చెయ్యెత్తారా?" అని అడిగింది ఆయన బండికి వేసిన కండక్టరమ్మ.

"ఎత్తడమెందుకు? స్టాపులోనే ఉన్నాను కదా."

ఆవిడ నెత్తి కొట్టుకుని టికెట్ల సంచి భుజాన వేసుకుంది.

ఆయన తప్పేమీ లేదు పాపం. ఆయన విడిచి వచ్చిన ఊళ్ళో ఏడాదిలో సగం రోజులు చెయ్యి జేబులోంచి తీస్తే వేళ్ళు కొయ్యబారిపోతాయి. అక్కడ స్టాపులో మనిషి ఆకారం కనిపిస్తే చాలు, బస్సు ఆగి తీరాల్సిందే. తలకి టోపీ, మెడకి మఫ్లరు, కళ్ళు తప్ప ఏమీ కనిపించని ఆ మూటల్ని ఎక్కుతారా అని అడిగే పనే లేదు. ఆ చలిలో ఊరికే నిలబడే పిచ్చివాళ్ళు ఎవరుంటారు? ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆయన ఆ రోడ్ల మీదే బస్సు నడిపాడు. చెయ్యెత్తితే ఆపడం, ఎత్తకపోతే పోవడం అనే పద్ధతి ఒకటి లోకంలో ఉందని ఆయనకి తెలియదు.

బండి ఎక్కాక ఇంకో తంటా వచ్చిపడింది. ఈ ఊళ్ళో జనం గాలికోసం బస్‌స్టాపుల్లో కూర్చుంటారు. నీడ ఉంటుంది, బెంచీ ఉంటుంది, ఎదురుగా సముద్రం. పని దొరకనివాళ్ళు, పని మానేసినవాళ్ళు, ఇంట్లో కోడలితో పడనివాళ్ళు, అందరూ అక్కడే. ఈయన ప్రతి స్టాపులోనూ ఆపి, తలుపు తీసి, వాళ్ళవంక చూస్తూ కూర్చునేవాడు. వాళ్ళు ఈయనవంక చూస్తూ కూర్చునేవాళ్ళు. బస్సులోవాళ్ళు ఇద్దర్నీ చూసి ఉడికిపోయేవాళ్ళు. చేపల రేవు దగ్గర బెంచీ మీద రోజూ కూర్చునే ఒక ముసలాయన చివరికి జాలిపడి లేచి తలుపు దాకా వచ్చాడు.

"మేం ఎక్కడికీ వెళ్ళం బాబూ. మేం రావాల్సిన చోటు ఇదే" అని చెప్పి, వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

దీనికి తోడు బ్రేకు. మంచు మీద నడిపిన కాలు కాబట్టి స్టాపు కనుచూపు మేరలో ఉండగానే నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టేది. దిగాల్సినవాళ్ళు సంచులు సర్దుకుని తలుపు దగ్గరికొచ్చి, అక్కడే నిలబడి నిలబడి విసుగెత్తి మళ్ళీ సీట్లో కూర్చున్న సందర్భాలున్నాయి. పెళ్ళివాళ్ళ ఊరేగింపులా ఉంది మన బండి అనేది కండక్టరమ్మ. డిపోలో ఆయనకి 'స్వెటరు' అని పేరు పెట్టేశారు. ఒంటిమీది స్వెటరు వారం తిరక్కుండానే పెట్టెలోకి పోయింది గాని ఆ పేరు మాత్రం ఊడలేదు.

ఆ వయసులో ఒంటరిగా పెట్టె పట్టుకుని ఊరు మారడమంటే ఎవరికీ సరదా కాదు. కిందటి చలికాలం ఆయన ఛాతీ పట్టేసి, ఊపిరి తీసుకోవడమే ఒక ఉద్యోగమై కూర్చుంది. ఇంకో చలికాలం ఆ ఊళ్ళోనే గడిపితే ఆ తర్వాత సంగతి నేను చెప్పలేనన్నాడు డాక్టరు. కూతురు అక్కడే అల్లుడితో, పిల్లలతో చిన్న వాటాలో ఉంటుంది. పిల్లలు ఆడుకునే గదిలో తండ్రికి మడతమంచం వేసింది. సముద్రం పక్కనున్న ఈ ఊళ్ళో డ్రైవర్లు కావాలని తెలిసినప్పుడు, "వెళ్ళి చూడు నాన్నా. పడకపోతే వచ్చెయ్యి, నీ మంచం అలాగే ఉంటుంది" అంది. ప్రేమగానే అంది. ఆ మడతమంచమే ఆయన్ని భయపెట్టింది. హీటరు పక్కన కూర్చుని దగ్గుతూ, పిల్లలు ఆడుకోవడం మానేసి తనని చూస్తుంటే, ఇంట్లో ఒక పాత సామానులా మిగిలిపోవడం ఆయనకి బొత్తిగా ఇష్టం లేదు. అందుకే వచ్చాడు. వానలు వెలిసేదాకా పని చూసి, అప్పుడు ఖాయం చేస్తామన్నారు డిపోవాళ్ళు. ఖాయం కాకపోతే మళ్ళీ అదే చలి, అదే మంచం.

గది ఇస్త్రీ కొట్టు మీద. కింద ఇస్త్రీ చేసే ఆవిడే ఇంటావిడ కూడా. పగలంతా కాలిన గుడ్డ వాసన మెట్లెక్కి పైకొచ్చేది. కిటికీ గడియలు ఉప్పుగాలికి తుప్పు పట్టి, తెరిచింది మూసుకోదు, మూసింది తెరుచుకోదు. ఉతికిన చొక్కా ఆరదు. మూలన పెట్టిన బూట్లకి బూజు పట్టింది. అక్కడ రోడ్డు మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు బస్సు కింద రేకు తినేసేది, ఇక్కడ గాలిలోని ఉప్పు పైన రేకు తింటోంది. ఎక్కడికి పోయినా ఉప్పు తప్పలేదనుకున్నాడు. ఛాతీ మాత్రం నిజంగానే తేలికపడింది. ఒట్టు పెట్టి చెప్పగలడు.

అయినా అలసట తగ్గలేదు. బస్సు నడిపిన అలసటైతే ఆయనకి పాత చుట్టమే, పడుకుంటే పోతుంది. ఇది అలా పోయేది కాదు. కుళాయి ఎటు తిప్పాలి, ఏ కొట్టువాడు పాచిపోయినవి అంటగడతాడు, ఎవరికి నమస్కారం పెట్టాలి, ఎవరికి తల ఊపితే చాలు, పాత ఊళ్ళో చేతులు వాటంతట అవే చేసుకుపోయిన పనులన్నిటికీ ఇక్కడ బుర్ర పెట్టాలి. సాయంత్రానికి ప్రాణం ఉసూరుమనేది. మంచం మీద కూర్చుని బూట్లు విప్పడానికి వంగి, అలాగే కాసేపు వంగి ఉండిపోయేవాడు. భార్య ఉంటే ఏమైందండీ అని అడిగేది. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు, ఆయన చెప్పేవాడూ కాదు.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ అడగాల్సినవన్నీ ఆవిడే అడిగింది. డాక్టరు దగ్గర, మా ఆయన చెప్పుకోడు, మీరే చూడాలి అనేది. డిపోకి ఫోన్ చేసి ఆయన సెలవు ఆవిడే అడిగేది. చుట్టాలింట్లో భోజనాల దగ్గర కూడా, ఆయనకి ఇంకాస్త వడ్డించండి అని ఆవిడే. ఈ పెద్దమనిషి పక్కన బొమ్మలా కూర్చుని మొహమాటంగా నవ్వేవాడు. ఆవిడకి నోరెక్కువని లోకం అనుకుంది. ఆయన కూడా అనుకున్నాడు, అదీ విడ్డూరం. ఆ నోరు తన బదులుగా అంత పని చేసిందని ఆవిడ పోయాకగాని ఆయనకి తెలిసిరాలేదు.

ఆలస్యాల మీద ఫిర్యాదులు వచ్చాయి. డిపో మేనేజరు ఆయన కూతురి వయసున్న మనిషి. పిలిపించి, మర్యాదగానే, ఇలాగైతే కష్టమని చెప్పింది. ఆయన తలొంచుకుని బయటికొచ్చాడు. కండక్టరమ్మే పూనుకుంది. ఇకనుంచి స్టాపువంక చూడొద్దు, చేతులవంక చూడండి, లేచిన చెయ్యి లేకపోతే నేను గంట కొడతాను, పోనిచ్చెయ్యండి అంది. మొదట్లో బెంచీ మీది మనుషుల్ని దాటిపోతుంటే ఆయనకి ఎవర్నో చలిలో వదిలేసి పోతున్నట్టు గుండె పీకేది. వాళ్ళు హాయిగా కాళ్ళూపుకుంటూ కనిపించేవాళ్ళు. కొన్నాళ్ళకి అలవాటైంది. బండి వేళకి నడిచింది. రేవు ముసలాయన మాత్రం చెయ్యెత్తేవాడు, ఎక్కడానికి కాదు, పలకరింపుకి. ఆయనకోసం ఆగబోయి కండక్టరమ్మ చేత మళ్ళీ చివాట్లు.

ఇన్ని నేర్చుకున్నా ఒక్కటి నేర్చుకోలేదు. తను ప్రయాణికుడై నిలబడ్డప్పుడు చెయ్యెత్తడం చేతకాలేదు. నవ్వొచ్చే సంగతే, కాని నిజం. పొద్దున్న అదే వేళకి ఆస్పత్రి ఆయా ఒకావిడ అదే స్టాపుకి వస్తుంది. ఆవిడ చెయ్యెత్తితే బస్సు ఆగేది, ఆవిడ వెనక ఈయన ఎక్కేవాడు. ఆవిడ కాస్త ఆలస్యమైతే తనూ ఆగేవాడు. అలా ఎవరో ఎత్తిన చేతిమీద కాలం వెళ్ళదీశాడు.

వానలు వెలిశాయి. ఖాయం చేసే చోటు ఒక్కటే ఉంది, అదీ ఆయన నడిపే రేవు రూటులో. ఇంకో రూటు డ్రైవరు వెళ్ళి ఆ చోటు తనకివ్వమని మేనేజర్ని అడిగి వచ్చాడని శనివారం కండక్టరమ్మ చెప్పింది. రేపు మేనేజరు వచ్చేనెల డ్యూటీలు వేస్తుంది, ఈలోపు మీరూ వెళ్ళి ఒక మాట అడగండి అంది.

"నా పని చూస్తూనే ఉన్నారు కదమ్మా. అడిగేదేముంది?"

"మీరు నోరు విప్పకపోతే, ఈయనకి ఇక్కడ ఉండటం ఇష్టం లేదేమో అనుకుంటారు పెద్దాయనా. నేనే అలా అనుకున్నాను చాలా రోజులు."

ఆయన బండి తాళాలు అప్పగించి గదికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఒళ్ళు కాలడం మొదలైంది. తెచ్చుకున్న రొట్టె ముట్టుకోకుండా పడుకున్నాడు. కింద ఇస్త్రీ ఆవిడ ఇస్త్రీపెట్టె దించి పెడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్క కేక వేస్తే పైకొస్తుంది. వెయ్యలేదు. కూతురు ఫోన్ చేస్తే, బాగానే ఉన్నానని చెప్పాడు. గొంతు అలా ఉందేమంటే గాలి చప్పుడన్నాడు. వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చినవాడు, ఉన్న ఒక్క దుప్పటీ కప్పుకుని, దానిమీద పెట్టెలోంచి తీసిన స్వెటరు పరుచుకుని, వణుకుతూ పడుకున్నాడు.

పొద్దున్న ఎలాగో లేచి స్టాపు చేరాడు. ఆదివారం. ఆస్పత్రి ఆయా లేదు. బెంచీ ఖాళీ. వీధిలో ఎవరూ లేరు. ఆయన స్తంభానికి ఆనుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. వేరే డిపో బస్సు ఒకటి వచ్చింది, వెళ్ళింది. డ్రైవరు ఆయనవంక చూశాడు కూడా. గాలికోసం నిలబడ్డ మనిషి అనుకుని ఉంటాడు. తనూ రోజూ అలాగే అనుకుని పోతున్నాడు కదా, ఎవర్ననాలి? ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళింది. నడుద్దామని నాలుగడుగులు వేస్తే కళ్ళు తిరిగాయి. మళ్ళీ స్తంభం పట్టుకున్నాడు.

ఇంత బతుకూ బతికి, ఒక్క చెయ్యి పైకి లేపడానికి ఇంత ఆలోచనేమిటని ఆయనకి తనమీద తనకే కోపం వచ్చింది. కోపం కూడా కాదు, దుఃఖం. భార్య ఉంటే ఈపాటికి రోడ్డు మధ్యలో నిలబడి, కొంగు దోపుకుని, బస్సుని ఆపి ఉండేది. ఆవిడ లేదు. ఇక రాదు. ఆ సంగతి ఆవిడ పోయిన రోజు తెలిసింది గాని, అర్థమైంది మాత్రం ఆ స్తంభం దగ్గరే.

మలుపులో బస్సు కనిపించింది. ఆయన చంకలోంచి చెయ్యి తీసి ఎత్తాడు. భుజం దాకా ఎత్తి, చాలదేమోనని ఇంకా పైకెత్తాడు. బస్సు ఆగింది. అంతే, మామూలుగా ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎవరూ ఆయన్ని వింతగా చూడలేదు. సీట్లో కూర్చున్నాక కళ్ళు నిండిపోతే, కిటికీవైపు తిరిగి జ్వరం వంకన మొహం తుడుచుకున్నాడు.

మేనేజరు గదిలోకి వెళ్ళి కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నన్ను ఇక్కడే ఉంచండమ్మా" అన్నాడు. "అక్కడికి మళ్ళీ వెళ్ళలేను. అక్కడ నాకు ఊపిరాడదు. ఆలస్యం చెయ్యను. నాకు ఈ పని కావాలి."

మేనేజరు కలం కిందపెట్టి ఆయన్ని పైనుంచి కిందదాకా చూసింది. మీరు చలికాలం వెళ్ళగానే తిరిగి వెళ్ళిపోతారని అనుకున్నామండీ, ఒక్కరోజు కూడా చెప్పలేదేం అంది. అడిగిన రెండో ఆయనకి రేవు రూటు ఎలాగూ గిట్టదు, వాళ్ళింటి దగ్గరి రూటులో ఖాళీ వచ్చినప్పుడు చూస్తానంది. ముందు వెళ్ళి జ్వరం తగ్గించుకోండి, తగ్గాక బండి మీదేనంది. ఆయన పట్టుకున్న కుర్చీని వదలకుండా అందులోనే కూర్చుండిపోయాడు. కండక్టరమ్మ వచ్చి నుదుటిమీద చెయ్యి వేసి చూసి తిట్లు లంకించుకుంది. ఆ తిట్లు ఆయనకి ఎంతో కాలంగా తెలిసిన తిట్లలా వినిపించాయి.

మందు వేసుకుని, ఇస్త్రీ ఆవిడ పంపిన గంజి తాగి, సాయంత్రం కూతురికి తనే ఫోన్ చేశాడు. తండ్రి తనంతట తాను ఫోన్ చెయ్యడం ఆ పిల్ల ఎరగదు. కంగారుగా, ఏమైంది నాన్నా అంది.

"ఒంట్లో బాగాలేదు. నిన్న అబద్ధం చెప్పాను. ఉద్యోగం నిలబడింది. ఆ మంచం తీసేసి పిల్లల్ని ఆడుకోనీ." మంచం మీద లేచి కూర్చున్నాడు. "కుదిరితే ఒకసారి రా అమ్మా. కుదరకపోయినా రా."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. వస్తాను, రైలు దిగి ఎలా రావాలో చెప్పు అంది.

"స్టేషను బయటే బస్‌స్టాపు ఉంటుంది" అన్నాడు. "ఊరికే నిలబడకు. ఇక్కడ అలా నిలబడితే ఆగవు. చెయ్యెత్తాలి."